అతుకుల బొమ్మ

తొమ్మిదేండ్ల క్రిందట మేము గద్వాలలో పదవ తరగతికి తెలుగు బోధించుచుండగా, ఒక విద్యార్థి తాను చేసిన బొమ్మ నొకదానిని తెచ్చి మాకు చూపెను. అది చేతితో వ్రాసిన బొమ్మ కాదు. కొన్ని ఫోటోలను కంప్యూటరుపై కత్తిరించి, ఒకదానితో నొకటి యతికి, కాగితముపై అచ్చొత్తించినది. అందు గద్వాల కోట ద్వార మొక పెద్ద చేప వీపుపై నిలిచియుండెను. ఆ చేప కృష్ణలో నెదురీదుచుండెను. కోటగోడకు మా పాఠశాల గంట వ్రేలాడుచుండెను. ఆ గంటను కొట్టుచున్నది మనుష్యుడు కాదు, కొంగ. మేము దానిని రెండు క్షణములు చూచి, ఎఱ్ఱ సిరా కలము తీసి, అడుగున “అసత్యము” అని వ్రాసి తిరిగి యిచ్చివేసితిమి. బాలుడు మాటాడక తీసికొనిపోయెను.

ఈ వ్యాసము ఆ యెఱ్ఱ సిరాను గూర్చినది.

ఆనాటి మా కోపమునకు మా లెక్కలో కారణము లేకపోలేదు. చిత్రకారుడు తన యిచ్చవచ్చినట్లు వ్రాయవచ్చును; ఫోటో యట్లు కాదు, అది వెలుతురు చెప్పిన సాక్ష్యమని మేము నమ్మియుంటిమి. ఓటరు కార్డు మొదలు పరీక్షల హాలుటికెట్టు వఱకు, ఫలానావాడు ఫలానావాడే యని నిరూపించుచున్నది బొటనవ్రేలంత ఫోటోయే కదా! సాక్షి తన మాటలను మార్చి చెప్పినచో న్యాయస్థానము వానిని దండించును. ఫోటోను మార్చినవాని నేల మెచ్చుకొనవలెను? మన తార్కికులు లేని వస్తువునకు దృష్టాంతముగా కుందేటికొమ్మును, గగనకుసుమమును చెప్పుదురు. ఈ బాలుడు కుందేటికి కొమ్ము మొలిపించుటయే కాక, అది మొలిచినదని సాక్ష్యము గూడ పుట్టించుచున్నాడని మాకు తోచెను. సత్యమును బోధింపవలసిన యుపాధ్యాయుడు దానిని సహింపరాదని యనుకొంటిమి.

మూడేండ్లు గడచినవి. అప్పుడు మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలిక హఠాత్తుగా బడికి వచ్చుట మానెను. వారము దినములకు గాని కారణము తెలియలేదు. ఆమె యొక యపరిచితుడైన యువకుని ప్రక్కన మెడలో దండతో నిలిచియున్నట్లు చూపు ఫోటో యొకటి వాట్సాపులో ఊరంతయు తిరిగినదట. ఇంట పెద్దలు ఆమె మాట నమ్మలేదు. పదునాలుగేండ్ల పిల్లకు తొందరగా నేదో యొక సంబంధము చూచి ముడిపెట్టివేసిన గాని పరువు దక్కదని బంధువులు తీర్మానించిరి. మేము వారి యింటికి పోతిమి. తండ్రి మగ్గముపై పనిచేయువాడు, మంచివాడు. మేమేమి చెప్పినను వినుచు కూర్చుండి, తుదకు చేతిలోని ఫోను మా ముందుంచి యిట్లనెను: “మాటలు ఎన్నన్న చెప్పొచ్చు సారూ. ఇది ఫోటో.”

మేము నిరుత్తరులమైతిమి. అది మా వాదమే! ఫోటో అబద్ధమాడదని మేము పండ్రెండు సంవత్సరములుగా తరగతిగదిలో చెప్పుచుండిన మాటనే ఆ తండ్రి మాకు తిరిగి యప్పగించెను. దానితో నొక పసిపిల్ల చదువు నిలిచిపోవుచున్నది.

ఏమి చేయవలెనో తోచక బజారున నడచుచుండగా మా పాత విద్యార్థి కనబడెను. అతడిప్పు డొక ఫ్లెక్సీ దుకాణమున పనిలో నుండెను. సిగ్గు విడిచి సంగతి చెప్పితిమి. అతడు ఆ ఫోటోను తన యంత్రముపై పెద్దది చేసి, పది నిమిషములు చూచి, మాతో కూడ ఆ నేతగాని యింటికి వచ్చెను. యువకుని ముక్కు నీడ కుడిచెంపపై పడుచున్నది; బాలిక ముక్కు నీడ ఎడమచెంపపై పడుచున్నది. ఒక్క చోట నిలిచిన యిద్దఱకు ఇద్దఱు సూర్యు లుందురా? ఆమె చెవి ప్రక్కన జడరిబ్బను తునక యొకటి కత్తిరింపబడక మిగిలియున్నది. అది మా పాఠశాల రిబ్బను. అనగా ఆ ముఖము ఆగస్టు పదునైదవనాడు పాఠశాలలో తీసిన సామూహికచిత్రమునుండి కోసి తెచ్చినది. దండకును మెడకును నడుమ సన్నని తెల్లని గీత యొకటి యున్నది. ఆ తండ్రి ఆ గీత దగ్గఱకు కన్ను చేర్చి చాలసేపు చూచెను.

గద్వాల చీర నెఱిగినవారికి ఆ చూపు తెలియును. చీర నడుమభాగము నూలు. అంచును కొంగును పట్టు. ఈ రెండు జాతుల దారములను మగ్గముపైననే పోగునకు పోగు మెలిపెట్టి కలుపుదురు. ఆ పనికి కుప్పడమని పేరు. రెండును రెండు వేఱు వస్తువులని అందఱకు తెలిసియే యుండును. అవి కలిసిన తీరే ఆ చీరకు విలువ. ఏండ్ల తరబడి అట్టి కూడికలను చూచిన కన్ను అది. అతడు తల యెత్తి, “అంచు కలవలే సారూ,” అనెను. ఇంకేమియు ననలేదు. పదునైదవనాడు బాలిక మరల బడికి వచ్చెను. ఆ దుష్కార్యము చేసినవారిని గూర్చి యిచ్చట వ్రాయము. అది మా విషయము కాదు.

తిరిగి వచ్చుచు మేము ఆ యువకుని నడిగితిమి: “అంత వేగముగా నెట్లు కనిపెట్టితివి?” అతడు, “అతకడం తెలిసినోనికే అతుకు కనబడ్తది సార్,” అనెను.

వాని దుకాణమున గోడకు చిన్న చట్ర మొకటి కట్టియుండెను. అందు చేప వీపుపై కోట, అడుగున మా చేతివ్రాతతో ఎఱ్ఱగా “అసత్యము.” మేము తలవంచుకొంటిమి. అతడు నవ్వి, “బొమ్మకు మీరు పెట్టిన పేరే గద సార్,” అనెను. మేము శిక్షగా వ్రాసినదానిని ఆ పిల్లవాడు శీర్షికగా గైకొనియుండెను! ఆలోచింపగా, ఆ పేరు ఆ బొమ్మకు తగినదే. తాను జరిగిన సంగతిని కానని ఆ బొమ్మ తన నొసటనే వ్రాసికొని నిలిచినది. బాలిక ప్రక్క యువకుని నిలిపిన బొమ్మ నొసట ఆ మాట లేదు. రెంటిని చేసిన సాధన మొక్కటే, చేసిన పద్ధతి యొక్కటే. కాని యొకటి కావ్యము, రెండవది దొంగపత్రము. ఈ భేదము మాకు మూడేండ్ల ముందు తోచియుండిన బాగుండెడిది.

అప్పటినుండి మేము ఆ దుకాణమునకు తఱచుగా పోవుచు, ఈ విద్యను గూర్చి కొంత చదివితిమి. ఇది నిన్న మొన్న కంప్యూటరుతో పుట్టినదని మేమనుకొంటిమి. అది పొరపాటు. ఫోటో పుట్టిన ఇరువదేండ్లలోపలనే అతుకును పుట్టెను. స్వీడను దేశమున పుట్టి ఇంగ్లండున నివసించిన ఆస్కార్ రేలాండర్ 1857లో ముప్పదికి పైగా నెగటివులను కలిపి యొక్క పెద్ద చిత్రమును చేసెను. ధర్మమార్గమున, భోగమార్గమున నడచు ఇద్దఱు యువకుల కథ అది. మఱుసటి సంవత్సరము, 1858లో, హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివులతో మరణశయ్యపై నున్న యొక బాలిక చిత్రమును కూర్చెను. చూచినవారు, ఫోటోతో ఇట్టి దుఃఖమును కల్పింపవచ్చునా యని ఆక్షేపించిరి. వారి యెఱ్ఱ సిరాకును మా యెఱ్ఱ సిరాకును నూటయేబది సంవత్సరములకు పైగా దూరమున్నను రంగొక్కటే.

1924లో పారిసు నగరమున ఆంద్రే బ్రెటన్ అధివాస్తవికతా ప్రకటనను వెలువరించెను. స్వప్నమును జాగ్రత్తును విరోధులు కావనియు, ఆ రెండును కలిసినచోట నున్నది అంతకు మించిన వాస్తవమనియు ఆ మార్గమువారి యభిప్రాయము. అమెరికా దేశపు జెర్రీ యుల్స్‌మన్ (1934–2022) కంప్యూటరు నాశ్రయింపక, చీకటిగదిలోనే, నెగటివును కాగితముపైకి దింపు యంత్రములను వరుసగా నిలిపి, ఒక్క కాగితమునే ఒకదాని క్రిందినుండి మఱియొకదాని క్రిందికి జరుపుచు, ఒకదానిపై నొకటి ముద్రించెడివాడు. వేళ్లతో సహా గాలిలో తేలు చెట్టు, మేఘములే కప్పుగా గల పుస్తకముల గది – ఇవి యతని సృష్టులు. 1990లో ఫోటోషాప్ బజారునకు వచ్చిన పిదప, చీకటిగదిలో దినములు పట్టిన పని బల్లమీద గంటలలో జరుగుట కారంభించెను. నేడు మాట చెప్పినంతనే బొమ్మ నల్లియిచ్చు యంత్రములును వచ్చినవి.

విదేశీయుల పేళ్లు చదివి పాఠకులు ఇది మనది కాదని యనుకొనరాదు. దండి తన యలంకారశాస్త్రమున అభూతోపమ యను నొక యుపమను చెప్పెను. ఎన్నడును జరుగనిదానితో పోల్చుట యది: లోకమునందలి పద్మము లన్నిటి కాంతియు ఒక్కచోట ప్రోగుపడినట్లు ముఖము ప్రకాశించుచున్నది అనుట వంటిది. ఇదే రేలాండరు పని. అతడు నెగటివులు కూర్చెను, కవి పద్మములను కూర్చెను. మహాభారతమున విశ్వకర్మ లోకమునందలి సుందరవస్తువుల సారమును నువ్వుగింజంత నువ్వుగింజంతగా తెచ్చి యతికి తిలోత్తమను సృజించెను. మన దేవాలయములలో ఏనుగు తల, మనుష్య శరీరము గల దేవునికే తొలిపూజ. సగము స్త్రీ, సగము పురుషుడైన మూర్తికి మనము చేతులు జోడింతుము. ఆ నడిమి యతుకును దాచిన శిల్పి లేడు. దాచినచో అర్థనారీశ్వరుడే లేడు.

ఇక మన తెలుగు తెరపై 1957లో కె.వి. రెడ్డిగారు మాయాబజారు తీసిరి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూలు వానియంతట నవియే యెగిరి పోవుట చూచి మన తాతలు, తండ్రులు, మనము, మన బిడ్డలు సంతోషించితిమి. రెడ్డిగారు అబద్ధమాడిరని యెవరైన దావా వేసిరా? చిత్రమే మాయాబజారని పేరు పెట్టుకొని వచ్చినది కదా!

కావున మాకు తోచిన నియమ మిది. ఒక బొమ్మ మన యెదుటికి వచ్చినపుడు, అది మనల నేమి కోరుచున్నదో చూడవలెను. “నన్ను చూడుము” అని కోరునది కళ. “నన్ను నమ్ముము” అని కోరునది సాక్ష్యము. కళవలె చేయబడి సాక్ష్యమువలె నిలుచునదే మోసము. ఇంగ్లండున కాటింగ్లీ గ్రామమున 1917లో ఇద్దఱు బాలికలు కాగితపు దేవకన్యలను కత్తిరించి, గడ్డిలో నిలిపి, ఫోటో తీసిరి. అది యాటగా నున్నంతవఱకు ముచ్చటయే. సాక్ష్యముగా లోకమునకు పోగా, షెర్లాక్ హోమ్సును సృజించిన ఆర్థర్ కోనన్ డాయిల్ అంతవాడు దానిని నమ్మి పుస్తకము వ్రాసెను. అవి కాగితపు బొమ్మలని ఆ స్త్రీలు వృద్ధాప్యమున, 1983లో గాని యొప్పుకొనలేదు. మహా పరిశోధకుని పుట్టించిన కలమునకు అతుకు కనబడలేదు. మా గద్వాల నేతగానికి కనబడెను. ఒకనికి నేత తెలియును, ఒకనికి తెలియదు.

ఈ కారణముచేతనే మేము తోడి యుపాధ్యాయులకు విన్నవించునది: పిల్లలకు ఈ విద్య నేర్పుడు. తిట్టి దాచినచో వారు దొంగచాటుగా నేర్తురు. అప్పుడది మన బాలికల మెడలకే దండయై పడును. తరగతిలో నేర్పినచో ప్రతి పిల్లవాడును కనీస మొక్కమాఱు ఏనుగును చెట్టుకొమ్మపై కూర్చుండబెట్టును. నీడ యెటు పడవలెనో తెలిసికొనును. పిదప వాని కెవడు దొంగబొమ్మ చూపినను ముందుగా నీడకొఱకు వెదకును. చేతికి చిన్న దుకాణపు పనియు దొరకును.

ఆ దుకాణములను గూర్చి యొక మాట. గద్వాల గాని వనపర్తి గాని నాగర్‌కర్నూలు గాని, ఏ బజారున నడచినను ఇట్టి పనివారు గలరు. పెద్దమనుష్యుని పుట్టినరోజునకు పులిని ప్రక్కన నిలిపెదరు; పెండ్లి ఆల్బములో వధూవరులను మంచుకొండలపై నడిపింతురు. వీనిని చూచి మేము నవ్వెడివారము. ఒకనాడు మేము కూర్చుండియుండగా ఒక స్త్రీ, మరణించిన తన భర్త ఆధారు కార్డును, కూతురి పెండ్లిఫోటోను తెచ్చెను. ఆయనను కూతురి ప్రక్కన నిలుపవలెనట. యువకుడు, “ఏ పక్కన నిలబడ్తుండె అమ్మా?” అని యడిగెను. ఆమె తడుముకొనక, “ఎనకనే నిలబడ్తుండె బిడ్డా. ఎన్నడు ముంగటికి రాకపోతుండె,” అనెను. ఆమె మోసపోలేదు. ఎవరిని మోసగింపను లేదు. భర్త రాలేదని ఆమెకంటె బాగుగా నెఱిగినవారెవరు? అతడు వచ్చియుండవలసినది, ఆ బొమ్మ చెప్పునది ఆ మాట. కెమెరాకు ఆ మాట చెప్పుటకు శక్తి లేదు.

ఆ దినముననే మాకు మా తల్లి తలపునకు వచ్చెను.

మా తల్లి పుట్టినిల్లు కొల్లాపురము ప్రాంతమున, కృష్ణ యొడ్డున నుండెడి చిన్న యూరిలోనిది. శ్రీశైలము జలాశయము వచ్చినపుడు, 1981 ప్రాంతమున, కృష్ణాతీరమునందలి సుమారు నూరు గ్రామములు ఖాళీ చేయబడినవి. అందు నదియు నొకటి. మాకప్పటికి మాటలు సరిగా రావు. కూడవెల్లి సంగమేశ్వరాలయమును మాత్రము రాయి రాయిగా విప్పి, ఆలంపురమునకు తెచ్చి, మరల నిలిపిరి. గుడిని అతికితెచ్చిరని నేటికిని ఆ దేవునికి మ్రొక్కుట మానినవారు లేరు. పేదల యిండ్లను విప్పి తెచ్చువా రుండరు కదా. అవి యచ్చటనే నీటిలో కరగినవి.

ఆ యింటి ఫోటో లేదు. మాతామహుల ఫోటో యొకటి మాత్రము కలదు. అది వనపర్తిలో ఒక స్టూడియోలో తీసినది. వెనుక తెరపై రంగులతో వ్రాసిన సరస్సు, అందు హంసలు, ప్రక్కన రాజభవనపు మెట్లు. తాత యొంటిపై స్టూడియోవారి కోటు. గడియారము కనబడునట్లు చేయి ముందునకు చాచియుండెను. ఆయన బ్రదుకున మఱియొకమాఱు కోటు తొడిగినవాడు కాడు. పొద్దు చూచి కాలము చెప్పువాడు. ఆ ఫోటోలో రెండు ముఖములు తప్ప నిజమైన దేమున్నది? అయినను దానిని మేము నలువదేండ్లుగా పటము కట్టి పూజించుచున్నాము. అందుపై ఎఱ్ఱ సిరాతో వ్రాయవలెనని మాకెన్నడును తోచలేదు.

మేము ఆ ఫోటోను యువకుని చేత పెట్టితిమి. అతడు రెండు సాయంకాలములు మా తల్లి దగ్గఱ కూర్చుండి యడిగి తెలిసికొనెను: వాకిలి యెటువైపు, అరుగు ఎంత యెత్తు, మిద్దెపై నేమి యెండబెట్టెడివారు. మునుగక మిగిలిన పొరుగూరికి పోయి పాత మట్టిమిద్దె నొకదానిని, తలుపు నొకదానిని ఫోటోలు తీసి తెచ్చెను. సోమశిలలో పడవపై నుండి నీటిని తీసెను. పండ్రెండు దినములకు బొమ్మ తెచ్చెను.

రంగుల సరస్సు పోయినది, హంసలు పోయినవి, కోటు పోయినది. తాతయు అవ్వయు తమ యింటి యరుగుపై కూర్చుండియున్నారు. ఇల్లు నీటి యడుగున నున్నది. తలుపు తెఱచియున్నది, అందులోనుండి చేపలు వెలుపలికి వచ్చుచున్నవి. మిద్దెపై నెండబెట్టిన మిరపకాయలు ఎఱ్ఱగా నున్నవి, తడియలేదు. పైన, ఆకాశమున చంద్రుడుండవలసినచోట, ఎవరో జాలరి పుట్టి యడుగుభాగము గుండ్రముగా, నల్లగా, గ్రహణచంద్రునివలె తేలుచున్నది.

మాకు భయము కలిగెను. డెబ్బదేండ్ల తల్లికి పుట్టినింటిని నీట ముంచి చూపుట క్రౌర్యము కాదా యని సంకోచించితిమి. కాని యువకుడు అప్పటికే ఆమె చేతికిచ్చెను. ఆమె కండ్లద్దములు పెట్టుకొని చాలసేపు చూచెను. మేము ఉండబట్టలేక, “ఇది ఉన్నది ఉన్నట్లు తీసిన ఫోటో కాదమ్మా, కల్పించినది,” అని చెప్పబోతిమి.

“కల్పించేడిదేంది నాయనా? మా ఇల్లు నీళ్లల్లనే గద ఉన్నది,” అనెను.

మఱికొంతసేపునకు వ్రేలితో నొకచోట నానించి, “గిది తప్పు. యాపచెట్టు ఈ పక్క కాదు, ఆ పక్క. పొద్దుగూకేటప్పుడు నీడ అరుగు మీద పడ్తుండె,” అనెను.

చేపలను గూర్చి ఆమె యేమియు ననలేదు. పుట్టిని గూర్చి యేమియు ననలేదు. ఆ బొమ్మలో ఆమెకు కనబడిన యసత్యము చెట్టొక్కటే.

యువకుడు మఱునాడు వేపచెట్టును ఆవలి ప్రక్కకు మార్చి, నీడను అరుగుపైకి దింపి తెచ్చెను. నీటి యడుగున నీడ యెట్లు పడునని మేమడుగలేదు.